నిదానం ఉన్న వరస

పాల లారీ డ్రైవరు గొట్టాన్ని ట్యాంకుకి తగిలించకుండానే మళ్ళీ చుట్ట చుట్టేశాడు.

"ఈ పాలు ఎక్కించుకోలేనండి. పరీక్ష గిన్నెలో మందు కలపగానే జిగురులా సాగాయి. మీ కళ్ళ ముందే చేశాను కదా."

"ఇంకోసారి చెయ్యి."

"ఎన్నిసార్లు చేసినా అదే. నా మీద కోపం పెట్టుకోకండి. వీటిని కలిపితే ఇంతదాకా పోసుకొచ్చిన అందరి పాలూ పాడైపోతాయి. నన్ను ఇంటికి పంపించేస్తారు."

లారీ గేటు దాటింది. ఆ ఇంటి కొడుకు వెళ్ళి ట్యాంకు కింద కుళాయి తిప్పేశాడు. నిన్న సాయంత్రం పాలు, ఈ పొద్దుటి పాలు కలిసి గచ్చు మీదుగా కాలవలోకి పోయాయి. మనిషి పోతే ఎలా ఏడవాలో అందరికీ తెలుసు. ట్యాంకెడు పాలు కాలవలో పోతుంటే మొహం ఎలా పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు. అందుకని ఆ నలుగురూ తలో వైపు చూస్తూ ఉండిపోయారు.

ముందు నోరు తెరిచింది అత్తగారే, వంటింటి కిటికీలోంచి.

"అయిందా తమాషా. లోపలికి రండి, టీ చల్లారిపోతోంది."

"టీ ఎవడికి కావాలమ్మా," అన్నాడు కొడుకు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. పొద్దున్నించీ అతను ఆమెను సూటిగా చూడటం అదే మొదలు.

"చూశావుగా, నీ ఆవులు చేసిన పని."

కోడలు మెడలో వేలాడే స్టాప్‌వాచీని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆ వాచీ వల్లే ఆమెకు ఇంట్లో రిఫరీ అని పేరు పడింది. ఏ ఆవు ఎంతసేపట్లో పాలు వదులుతుందో ఆరేళ్ళుగా దాంతోనే కొలిచింది. ఏ ఆబోతు కూతుళ్ళు తొందరగా వదులుతాయో వాకబు చేసి, ఆ ఆబోతు వీర్యమే తెప్పించి కట్టించింది. మొదటి తరం ఆవులు తల్లుల కంటే తొందరగా వదిలాయి. వాటి కూతుళ్ళు ఈ ఏడాది తొలిచూలు ఈనాయి. వీటికి పాలు తీసే మిషను తగిలిస్తే చాలు, కుళాయి తిప్పినట్టే. ఇల్లంతా మురిసిపోయింది. అప్పుడు మాత్రం ఎవరూ నీ ఆవులు అనలేదు. మన ఆవులే అన్నారు.

ఇప్పుడు పొదుగువాపు వచ్చింది కాబట్టి నీ ఆవులు.

"వదినా, ఆ పాలు తొక్కుకుంటూ నడవకు, జారిపడతావు," అంది ఆడపడుచు.

ఆమెను ఇంట్లో చిన్నమ్మాయి అంటారు. తలలో తెల్ల వెంట్రుకలు కనబడుతున్నా, చలికి మోకాళ్ళు పట్టేస్తున్నా చిన్నమ్మాయే. వదినామరదళ్ళిద్దరూ రెండు పూటలా పాల షెడ్డులో నడుం లోతు గోతిలోకి దిగి చెరో వైపు నిలబడతారు. ఆవులు పైన గట్టు మీద వరసగా నిలబడితే పొదుగులు కళ్ళెదురుగా ఉంటాయి. వరసలో ఆఖరి ఆవు పాలు వదిలేదాకా గేటు తీయడానికి లేదు. ఎప్పుడో ఖాళీ అయిపోయిన ఆవు కూడా నెమ్మది ఆవు కోసం నిలబడాల్సిందే. ఆ నెమ్మది ఆవుల్లో అన్నిటికన్నా నెమ్మదైన దానికి నిదానం అని పేరు. చిన్నమ్మాయి సీసాతో పాలు పట్టి పెంచిన ఆవు అది.

"జారిపడితే పడనీ," అన్నాడు కొడుకు. "పడాల్సింది ఎలాగూ పడింది."

టీలు వంటింటి బల్ల మీదే చల్లారిపోయాయి.

*

మధ్యాహ్నం పశువుల డాక్టరు వచ్చాడు. చేతులు కడుక్కుని, తొలిచూలు ఆవుల్ని ఒక్కొక్కదాన్నే ముట్టుకుని చూశాడు. నల్ల మూత మీదికి నాలుగు ధారలు పిండితే పాలలో తెల్లటి తునకలు తేలాయి. ఇంకోదానికి పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడి వేడిగా ఉంది.

"ఈ నాలుగింటినీ పాలు తీయడం ఆపేసి వట్టించెయ్యండి. ఈ ఈతకి వీటి నుంచి ఇంకేం ఆశించకండి. మిగతావి మందులతో దారికొస్తాయి."

"అసలు ఎందుకొచ్చింది డాక్టరుగారూ?" అడిగాడు కొడుకు. అడుగుతూ పెళ్ళాం వైపు ఓరగా చూశాడు. జబ్బు పేరు అతనికి తెలుసు. కావలసింది దోషి పేరు.

డాక్టరు ఒక ఆవు చన్ను కొనను బొటనవేలితో మెల్లగా నొక్కాడు. పిండకుండానే పాలు వచ్చాయి.

"చూశారా, ఇక్కడ బిగువు లేదు. అది పుట్టుకతోనే వస్తుంది. తండ్రి నుంచి కొంత, తల్లి నుంచి కొంత. ఇటూ అటూ రెండు పక్కలా వదులు చన్నే వచ్చిందనుకోండి, పాలు గబగబా దిగుతాయి, బాగానే ఉంటుంది. కాని పితికిన తర్వాత మూసుకోవాల్సిన తలుపు సరిగ్గా మూసుకోదు. పాలు కారిన దారినే క్రిమి లోపలికి పోతుంది."

"అంటే ఈ రక్తమే పాడన్నమాట."

"అలా తీసిపారెయ్యకండి. ఒక్క రక్తమే అయితే ఇంతలా ముదరదు." డాక్టరు షెడ్డు ఆ చివర కట్టేసి ఉన్న ఆవుల్ని చూపించాడు. పోయిన చలికాలం పక్క పాలశాల మూతబడితే వేలంలో కొన్నవి అవి. "వాటిని చూడండి. అన్నీ గట్టి చన్నువి. వీటినీ వాటినీ ఒకే వరసలో నిలబెడుతున్నారా?"

కొడుకు వాటి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"నిలబెడుతున్నారు. అవి సగం వదిలేలోపే ఇవి ఖాళీ అయిపోతాయి. గేటు తీసేదాకా మిషను ఖాళీ చన్నునే పీకుతూ ఉంటుంది. అసలే బిగువు లేని చన్ను. పుండు పడకేం చేస్తుంది?"

కొడుకు మొహం చిన్నబోయింది. కోడలి మొహం మాత్రం వెలిగిందనుకుంటే పొరపాటే. ఈ సంగతి ఆమెకు కొత్త కాదు. వేరే వరసలు పెడదామని చలికాలంలోనే అనుకుంది. అలా పెడితే పని ఏడు దాటిపోతుంది. ఏడు దాటకూడదని నోరు మూసుకుంది. ఎందుకు దాటకూడదో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఒకటి అడుగుతాను," అన్నాడు డాక్టరు చేతులు తుడుచుకుంటూ. "ఇవి పడుకున్న చోట పాలు కారిన తడి ఎప్పుడూ కనబడలేదా? వీటి తల్లుల్లో అయినా? ఇంత వదులు రాత్రికి రాత్రి రాదు."

"లేదు," అన్నాడు కొడుకు.

చిన్నమ్మాయి తల ఎత్తి వదిన వైపు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత వంగి బూటుకి అంటుకున్న రంపపు పొట్టు దులుపుకుంది.

కోడలు డాక్టరు వైపు చూడకుండా నల్ల మూత తీసి కడగసాగింది.

డాక్టరు వెళ్తూ వెళ్తూ నిదానం వీపు మీద చరిచాడు. "దీనికి ఏ రోగమూ లేదు."

"అది తీరిగ్గా వదులుతుందండి. దాన్ని అమ్మేయమని ఎంతమంది పోరారో," అంది చిన్నమ్మాయి.

"తీరికని కాదమ్మా. దీని అదృష్టం బాగుంది, అంతే. వాపు వస్తే దీనికీ వస్తుంది." అని, సంచి భుజానికి తగిలించుకున్నాడు. "మిగతా తొలిచూలు ఆవులు బాగుపడాలంటే ఒకటే మార్గం. ప్రతి పూటా ఒక మనిషి వాటి ముందే నిలబడి, పాలు ఆగీ ఆగగానే మిషను తీసెయ్యాలి. పరధ్యానం మనిషి పనికిరాదు. ఆవు ఆవుకీ ఎంతసేపు పడుతుందో తెలిసిన మనిషి కావాలి."

ముగ్గురూ కలిసి కోడలి మెడలోని వాచీ వైపు చూశారు.

*

రాత్రి భోజనాలకి అందరూ బల్ల దగ్గర చేరారు. అత్తగారు అందరికీ వడ్డించి తను మాత్రం కూర్చోలేదు. ఆమె వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి వంకర్లు పోయాయి. మిషన్లు లేని రోజుల్లో చేత్తో పితికిన వేళ్ళవి. పళ్ళెం కూడా రెండు చేతుల్తో పట్టుకుంటుంది.

"రేపు నేను సెంటర్లో చేరాలి," అంది కోడలు.

పోయిన వారం టౌనులో పశువుల బ్రీడింగ్ సెంటరు నుంచి ఫోను వచ్చిన సంగతి అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు ఆమె పనిచేసిన చోటే. మళ్ళీ రమ్మన్నారు. రేపటిలోగా చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. వారం రోజులుగా ఆ ఫోను సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే అదే సద్దుమణుగుతుందనుకున్నారు కాబోలు.

"ఈ పరిస్థితిలోనా?" అన్నాడు భర్త.

"ఏ పరిస్థితిలో వెళ్ళమంటారు? పోనీ మీరే చెప్పండి."

"డాక్టరు ఏమన్నాడో నువ్వూ విన్నావు. ఒక మనిషి నిలబడాలి. ఆవుల్ని ఎంచింది నువ్వు. ఆబోతుల్ని ఎంచింది నువ్వు. తీరా అవి మూలిగే టైముకి బస్సెక్కుతానంటే ఎలా?"

"ఎంచింది నేను. తీసుకెళ్ళి గట్టి చన్ను ఆవుల పక్కన నిలబెట్టింది మీరు. వేలానికి వెళ్ళేటప్పుడు నన్ను ఒక్క మాట అడిగారా? ఏ ఆవు ఎంతసేపు తీసుకుంటుందో చూసే కొన్నారా?"

"పొద్దున పని గంట ముందే తేలిపోతోంది కదా, ఇంకొన్ని ఆవులు చూసుకోవచ్చని కొన్నాను. టైము మిగిలింది కదా."

"ఆ టైము మీ కోసం మిగల్చలేదు."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"మరెవరి కోసం?" అన్నాడు భర్త.

"నా కోసం. మీరే అన్నారు కదండీ. నేను కొత్తగా వచ్చినప్పుడు, సెంటర్లో ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చిందని ఏడుస్తూ కూర్చుంటే, ఇదే బల్ల దగ్గర అన్నారు. పాల పని ఏడింటికల్లా తేలిపోయే రోజొస్తే నువ్వు ఏడింటి బస్సెక్కు, ఎవరు కాదంటారు అని. అప్పుడు ఎనిమిదిన్నర దాకా గోతిలోనే ఉండేవాళ్ళం."

"నేనన్నానా?"

"మీరే."

"ఎప్పుడు?"

అతను తప్పించుకుంటున్నాడనుకుంది కోడలు. మీద పడి దులిపేద్దామనుకుంది. కాని అతని మొహం చూసింది. నుదురు ముడిచి నిజంగానే వెతుక్కుంటున్నాడు. తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తురాని మనిషిలా వెతుక్కుంటున్నాడు. దొరకలేదు.

"ఏమో, నాకు గుర్తులేదు," అన్నాడు చివరికి.

"అన్నావురా," అంది అత్తగారు. "నేను విన్నాను. నవ్వాను కూడా."

"నవ్వుకునే మాటేగా మరి. అప్పట్లో ఏడింటికి అవడమేమిటి? నవ్వులాటకి అనుంటాను."

మాట ఇచ్చి తప్పాడనుకుంది కోడలు ఇన్నాళ్ళూ. ఆ కోపాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకుందో. తప్పినవాడితో దెబ్బలాడొచ్చు, నిలదీయొచ్చు, మాట్లాడటం మానేయొచ్చు. అసలు ఇచ్చినట్టే తెలియనివాడిని ఏం చేస్తుంది? అన్నం తింటూ అన్న ఒక్క మాట పట్టుకుని ఆమె రెండు తరాల ఆవుల్ని పుట్టించింది. ఆవు చూడి కట్టాలి, ఈనాలి, పెయ్య ఎదగాలి, అది మళ్ళీ చూడి కట్టి ఈనాలి. ఆ పెయ్య తొందరగా వదులుతుందో లేదో తెలియడానికే మూడేళ్ళు. అలాంటివి రెండు విడతలు. ఆ మాట అన్నవాడు చెయ్యి కడుక్కునేసరికే మర్చిపోయాడు.

"వినండి," అంది, పళ్ళెం పక్కకి జరిపి. "గుర్తుంటే ఉంది, లేకపోతే లేదు. ఆవులు మాత్రం నా వల్ల పాడవలేదు. మీరు ఆ ఆవుల్ని తీసుకురాకుండా ఉంటే వీటికి ఏమీ అయ్యేది కాదు."

"వదినా," అంది చిన్నమ్మాయి.

అంతవరకూ ఆమె పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

"అలా అనకు. ఎవరైనా అనొచ్చు గాని నువ్వు అనకు. వీటి తల్లులు తొలిచూలు ఈనినప్పుడే కారాయి. అందులో చుక్కల ఆవు పడుకుని లేచిన చోటల్లా పాల మడుగే. నువ్వు అందరికంటే ముందు లేచి ఆ తడి పొట్టు ఎత్తి పారేసి, కొత్త పొట్టు పోసేదానివి. నేను చూడలేదనుకున్నావు."

భర్త చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"నిజమేనా?" అన్నాడు భర్త.

కోడలు తెలిసి కూడా ఆ తల్లులకి ఇంకా తొందరగా వదిలించే ఆబోతునే కట్టించింది. ఒక్క తరం ఆగి బిగువు చన్ను ఇచ్చే ఆబోతుని కట్టించి ఉంటే సరిపోయేది. అలా చేస్తే పని ఏడున్నర దగ్గర ఆగిపోయేది. ఏడున్నరకి బస్సు లేదు.

"తెలిసే చేశావా?"

"చేశాను."

"తెలిసి, ఇంతసేపూ నన్ను నిలబెట్టి కడిగేస్తున్నావా?"

"మీరు చేసింది మీరు చేశారు, నేను చేసింది నేను చేశాను." ఆడపడుచు వైపు తిరిగింది. "నువ్వు చూసినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు ఇంట్లో మాట పడుతుందని," అంది చిన్నమ్మాయి. "నువ్వు ఆ వాచీ వేసుకుని తిరుగుతుంటే సరదాగా ఉండేది వదినా. పని తొందరగా తేలితే నాకూ మోకాళ్ళకి కాస్త ఊపిరి దొరుకుతుందని నేనూ సంబరపడ్డాను. అది బస్సు కోసమని నాకేం తెలుసు? పోయిన వారం ఫోను వచ్చాక తెలిసింది. ఆరేళ్ళు ఎదురుగా నిలబడ్డాం. ఒక్క పూట కూడా చెప్పలేదు నాకు."

"చెప్పడానికి ఏముంది?"

"ఏముందంటావా? నువ్వు బస్సెక్కాక ఆ గోతిలో మిగిలేది ఎవరు? రెండు వైపులా నేనొక్కదాన్నే తిరగాలి. ఆవు ఆవుకీ లెక్క వేశావు గదా వదినా. నన్ను ఎప్పుడైనా లెక్కలోకి తీసుకున్నావా?"

కోడలు నిజంగానే తీసుకోలేదు.

అత్తగారు నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "కూర చల్లారిపోయింది," అంది ఎవరితోనో.

అప్పుడు భర్త గొంతు మార్చాడు. అరిచి ఉంటే బాగుండేది. మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు మాట్లాడాడు.

"సరే, అయిందేదో అయింది. తప్పు నీదీ ఉంది, నాదీ ఉంది. డాక్టరు కూడా అదే అన్నాడు. మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి మరీ తొందరా కాకుండా, మరీ నెమ్మదీ కాకుండా ఉండే ఆబోతుని చూడు. నీకంటే బాగా ఎవరు చూడగలరు? నా ఆవుల్ని వేరే వరసలో పెడతాను. అవి కుదురుకున్నాక, పని ఏడింటికి అయినా కాకపోయినా, నువ్వు ఉద్యోగంలో చేరు. మనిషిని పెట్టుకుందాం."

"ఎన్నాళ్ళు?"

"మూడేళ్ళే కదా. ఈసారి నవ్వులాటకి కాదు. అమ్మ ముందు, చెల్లి ముందు మాట ఇస్తున్నాను."

ఆరేళ్ళ కింద ఆ మాట ఇచ్చి ఉంటే ఆమె అతని కోసం ప్రాణం పెట్టేది. ఇప్పుడు అతను మనస్ఫూర్తిగా ఇస్తున్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది.

పళ్ళెం తీసుకుని లేచింది. స్టాప్‌వాచీ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. తీసుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.

*

తెల్లవారి కోడలు గోతిలోకి దిగేసరికి చిన్నమ్మాయి అప్పటికే అక్కడ ఉంది. కోడలు టౌనుకి వెళ్ళే బట్టలు కట్టుకుని పైన రబ్బరు ఆప్రాన్ వేసుకుంది. సంచి కిటికీ గట్టు మీద పెట్టింది. చిన్నమ్మాయి బట్టలూ చూసింది, సంచీ చూసింది.

డాక్టరు చెప్పినట్టే తొలిచూలు ఆవులు వేరే వరసలో ముందుగా వచ్చాయి. కోడలు ఒక్కొక్క దాని ముందే నిలబడింది. పాలు ఆగీ ఆగగానే మిషను తీసేసింది. వాచీ లేకపోయినా ఏది ఎప్పుడు ఆగుతుందో ఆమె చేతికి తెలుసు. ఒక ఆవు నొప్పికి కాలు విదిలిస్తే, "ఉండమ్మా, అయిపోయింది, అయిపోయింది," అని సముదాయించింది. ఆ ఆవులంటే ఆమెకు ప్రేమే. వాటి మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించింది గాని రాలేదు.

వరసలు మారుతున్నాయి. ఇద్దరూ రోజూ మాట్లాడుకునే మాటలు కూడా లేవు. బకెట్ ఇటు పెట్టు, గుడ్డ అందుకో, అంతే.

ఆఖరి వరస వచ్చింది. చిన్నమ్మాయి వైపు ఆవులన్నీ వదిలేశాయి. ఆమె తన వైపు గేటు తీసింది. అవి నెమ్మదిగా బయటికి నడిచాయి. కోడలి వైపు కూడా ఒక్కొక్క మిషనూ వచ్చేసింది, నిదానం తప్ప. రోజూ చిన్నమ్మాయి వైపుకే వెళ్ళే ఆవు ఆ పూట వరసలు మారడంతో ఇటు వచ్చి నిలబడింది.

నిదానం పాలు చేపలేదు. మిషను చప్పుడు చేస్తోంది గాని గాజు గొట్టంలో చుక్క పడటం లేదు. కొత్త బట్టల వాసనో, వదినామరదళ్ళ మౌనమో, ఆవుకి ఏదో తేడా తెలిసింది. తల తిప్పి మాటిమాటికీ చిన్నమ్మాయి కోసం చూస్తోంది.

కోడలు మిషను తీసి పక్కన పెట్టింది. గోరువెచ్చటి గుడ్డతో పొదుగు తుడిచి, అరచేత్తో కింది నుంచి పైకి నిమిరింది. ఇప్పుడు వదిలేసి వెళ్తే పాలు పొదుగులోనే నిలిచిపోతాయి. వాపుకి అదే దారి. ఏ రోగమూ లేదని డాక్టరు నిన్న చెప్పిన ఆవు అది.

"చేపు తల్లీ," అంది. అమ్మేయమని తను ఏళ్ళ తరబడి పోరిన ఆవుని ఆమె తల్లీ అనడం అదే మొదటిసారి.

కిటికీలోంచి గేటు కనబడుతోంది. గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. భర్త అనుకుంది ముందు. కాదు. అత్తగారు. రాత్రి కట్టుకున్న చీర మీదే శాలువా కప్పుకుని, రోడ్డు మధ్యకి వచ్చేసి నిలబడింది. దూరంగా బస్సు లైట్లు మలుపు తిరిగాయి. అత్తగారు ఆ వంకర వేళ్ళ చేతిని పైకెత్తి పట్టుకుంది.

ఎవరూ ఎక్కని ఆ గేటు దగ్గర బస్సు ఆగింది. అత్తగారు డ్రైవరుతో ఏదో చెబుతోంది. ఒక చేత్తో షెడ్డు వైపు చూపిస్తూ, రెండో చేత్తో బస్సు తలుపు పట్టుకుంది.

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళలో ఆ మనిషి తన పక్కన నిలబడుతుందని ఆమె ఒక్కరోజు కూడా అనుకోలేదు.

బస్సు హారను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది.

సరిగ్గా అప్పుడే నిదానం చేపింది. చేతి కింద పొదుగు బిగుసుకుని, చన్నులు నిండాయి. మిషను మళ్ళీ తగిలించింది. గొట్టంలో పాలు సన్నగా, తీరిగ్గా దిగడం మొదలుపెట్టాయి. ఇంక అది తన ఇష్టం వచ్చినంతసేపు తీసుకుంటుంది. దాని ముందు ఒక మనిషి నిలబడాలి.

కోడలు ఆప్రాన్ ముడి విప్పుకుని గోతికి అవతలి వైపు చూసింది.

"చిన్నమ్మాయ్," అంది.

చిన్నమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె వైపు పనంతా అయిపోయింది. చేతులు కడుక్కుంది, తుడుచుకుంది. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. వదిన వైపే చూస్తోంది గాని వాటిని కదపలేదు.